తాతమ్మ ముక్కుపుడక పోకుండా పాత ఫొటో బాగుచేయడం

పాత ఫొటోని ఏఐకి ఇస్తే నిమిషంలోపే గీతలు పోయి, ముఖం నున్నగా మెరుస్తూ బయటికొస్తుంది. అదే ఫొటోని ఆ మనిషిని ఎరిగినవాళ్లకి చూపించండి. "బాగానే ఉంది కానీ, మా అమ్మలా లేదే" అంటారు. దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. ముక్కుపుడకని దుమ్ము అనుకుని చెరిపేసింది, బొట్టు అంచు కరిగించింది, చెంప మీది స్ఫోటకం మచ్చలు తుడిచేసింది. పోలిక ఉండేది సరిగ్గా అలాంటి చోట్లే. కాబట్టి ఏఐని వాడండి గానీ చివర్లో వాడండి, వేరే లేయర్ మీద (అసలు ఫొటో మీద పరిచిన పారదర్శక పొర లాంటిది), అవసరమైనంత మేరకే.

పని తేలిగ్గా అర్థం కావడానికి మన ఇళ్లలో మామూలుగా ఉండే ఫొటో ఒకటి అనుకుందాం. 4×6 అంగుళాల నలుపు తెలుపు స్టూడియో ఫొటో. ఆయన కుర్చీలో కూర్చున్నారు, ఆవిడ పక్కన నిలబడింది. కాగితం పసుపుబారింది. మధ్యలో అడ్డంగా మడత. అద్దం పగిలినప్పుడు కుంకుమ రాలి ఆవిడ చెంప మీద మరక పడింది. కింద కుడి మూల చెదలు తినేసింది.

ఫ్రేములోంచి తీసేటప్పుడు

వెనక మేకులు, అట్ట తీశాక ఫొటో తనంతట తాను జారి బయటికొస్తే సరే. రాకపోతే లాగొద్దు. తేమ ఎక్కువుండే ఊళ్లలో ఫొటో మీది జెలటిన్ పొర అద్దానికి అతుక్కుపోతుంది. వాలుగా పట్టుకుని చూస్తే అతుక్కున్న చోటు తడిసినట్టు నల్లగా కనిపిస్తుంది. లాగితే బొమ్మ అద్దానికి, కాగితం మీ చేతికి వస్తాయి. నీళ్లు, హెయిర్ డ్రయ్యర్, అద్దాలు తుడిచే ద్రవం ఏదీ వద్దు. అద్దంతోనే కాపీ తీయాలి.

ఇక్కడ స్కానర్ రకం తెలిసుండాలి. ఇళ్లలో, ఆఫీసుల్లో ఉండే ప్రింటర్‌తో కలిసిన స్కానర్లు, పల్చటి ఫ్లాట్‌బెడ్లు చాలావరకు సీఐఎస్ రకం. వాటికి ఫోకస్ స్కానర్ గాజుకి ఆనుకున్న వస్తువు మీదే ఉంటుంది. మధ్యలో ఫ్రేము అద్దం 2 మిల్లీమీటర్లు అడ్డం వస్తే బొమ్మ మసకబారుతుంది. మెలితిరిగిన ఫొటోకీ ఇదే కష్టం. మందంగా ఉండే సీసీడీ స్కానర్లు ఆ దూరాన్ని తట్టుకుంటాయి. అది దొరక్కపోతే కెమెరాతో తీయండి. ఫొటోని గోడకి నిటారుగా పెట్టి, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో సమానమైన లైట్లు పెట్టాలి. కెమెరా ముందు నల్లగుడ్డ కట్టి, లెన్సు పట్టేంత కన్నం చేస్తే అద్దంలో మీ నీడ పడదు. ఫోన్‌తో అయితే దగ్గరికెళ్లి 1ఎక్స్‌లో తీయకుండా, వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. దగ్గరగా తీస్తే అంచులు వంగుతాయి.

లామినేషన్ చేయించిన ఫొటోలు మనవైపు చాలా ఎక్కువ. ఆ ప్లాస్టిక్ ఊడదీసే ఆలోచన మానుకుని, అలాగే స్కాన్ చేయండి. బుడగలు తర్వాత కంప్యూటర్లో పోతాయి.

పొడి కుంకుమని రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి. నోటితో ఊదితే తుంపర పడి రంగు కాగితంలోకి దిగుతుంది, గుడ్డతో రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. అంటుకుపోయిన మరకని అలాగే వదిలేయండి, దానికి వేరే మందు ఉంది.

స్కాన్

600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), 48 బిట్ కలర్, టిఫ్ ఫైలు (నాణ్యత తగ్గకుండా దాచే రకం). 4×6 ఫొటోకి ఇది 2400×3600 పిక్సెళ్లు, సుమారు 52 ఎంబీ అవుతుంది. పాస్‌పోర్టు సైజువి, అగ్ఫా క్లిక్ 3 లాంటి పెట్టె కెమెరాల నుంచి వచ్చిన రెండుంపావు అంగుళాల చదరపు కాంటాక్ట్ ప్రింట్లు (నెగెటివ్ అంత సైజులోనే వేసినవి) 1200లో చేయండి. అంతకు మించి వెళ్తే ఫైలు బరువే పెరుగుతుంది, కాగితంలో అంత వివరం ఉండదు.

నలుపు తెలుపు ఫొటోకి కలర్ ఎందుకంటారా? మరకలకి రంగు ఉంది కాబట్టి. గ్రేస్కేల్‌లో స్కాన్ చేస్తే కుంకుమ మరక, చీర మడత నీడ రెండూ ఒకే బూడిదరంగు అయిపోతాయి, తర్వాత వేరుచేయలేం.

స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో డస్ట్ రిమూవల్, కలర్ రెస్టొరేషన్, షార్పెనింగ్ అన్నీ ఆపేయండి. డిజిటల్ ఐస్ అని ఉంటుంది, అది ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కలర్ నెగెటివ్ మీది దుమ్ము పట్టే ఏర్పాటు. ప్రింట్లకి పనికిరాదు. నలుపు తెలుపు నెగెటివ్‌లో వెండి ఆ కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి బొమ్మనే దుమ్ము అనుకుంటుంది. అన్నట్టు, నెగెటివ్ దొరికితే మాత్రం ఈ తతంగంలో సగం తగ్గిపోతుంది. ముందు బీరువా అడుగున ఒకసారి వెతకండి.

చిన్న చిన్న గళ్లు, పొక్కుల్లాంటి గరుకు కాగితం మీద వేసిన ప్రింట్లని స్కాన్ చేస్తే ఆ గరుకంతా మెరిసే చుక్కలై కనిపిస్తుంది. స్కానర్ దీపం ఒక పక్క నుంచే పడటం దీనికి కారణం. ఒకసారి మామూలుగా, ఇంకోసారి ఫొటోని 180 డిగ్రీలు తిప్పి స్కాన్ చేయండి. రెండోదాన్ని కంప్యూటర్లో తిరిగి నిలబెట్టి, మొదటిదాని మీద లేయర్‌గా పెట్టి, సరిగ్గా కుదిర్చి, ఒపాసిటీ (లేయర్ ఎంత చిక్కగా కనిపించాలో చెప్పే అంకె) 50 శాతం చేయండి. నీడలు ఎదురుబొదురై చాలావరకు చెల్లిపోతాయి. నునుపు కాగితానికి కూడా రెండో స్కాన్ పనికొస్తుంది, ఎలాగో కింద చెప్తాను.

ఫొటో వెనకవైపూ స్కాన్ చేయడం మర్చిపోకండి. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన తేదీ అక్కడే ఉంటాయి.

మరక ఏ ఛానెల్‌లో మాయమవుతుంది

గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలర్స్ మెనూ, కాంపొనెంట్స్, డీకంపోజ్ నొక్కి ఆర్‌జీబీ ఎంచుకుంటే ఫొటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లు మూడు బూడిదరంగు లేయర్లుగా విడిపోతాయి. ఫొటోషాప్‌లో ఛానెల్స్ ప్యానెల్‌లో ఒక్కొక్కటీ నొక్కి చూడొచ్చు. మూడింటినీ విడివిడిగా చూస్తే ఆశ్చర్యపోతారు. నీలం ఛానెల్ అధ్వాన్నంగా ఉంటుంది. పసుపు, గోధుమ రంగు మరకలు నీలాన్ని మింగేస్తాయి, అందుకని కాగితం పసుపుబారిన ప్రతి చోటా నల్లగా మచ్చలు. ఎరుపు ఛానెల్‌లో అదే కాగితం తెల్లగా ఉంటుంది. కుంకుమ ఎరుపుని తిప్పికొడుతుంది కాబట్టి చెంప మీది మరక కూడా ఎరుపు ఛానెల్‌లో దాదాపు కనపడదు, పలచటి నీడ మిగిలితే మిగలొచ్చు. పసుపు మరకకీ ఇదే మంత్రం. కాబట్టి మన ఉదాహరణలో ఎరుపు ఛానెల్‌నే అసలు బొమ్మగా తీసుకుని మిగతా రెండూ వదిలేస్తాం. గంటసేపు బ్రష్షుతో చేసే పని ఒక్క క్లిక్కుతో తేలుతుంది.

బాల్‌పెన్ను నీలం సిరా గీతలకి లెక్క తిరగబడుతుంది, అవి నీలం ఛానెల్‌లో పలచబడతాయి. అప్పుడు ఎరుపు ఛానెల్ అడుగున ఉంచి, నీలం ఛానెల్‌ని పైన పెట్టి, లెవెల్స్‌తో దాని వెలుగు అడుగుదానికి సరిచేసి, మాస్క్‌తో (లేయర్‌లో కావాల్సిన భాగమే చూపి మిగతాది దాచేది) గీత ఉన్నచోట మాత్రమే కనిపించేలా చేయండి.

చేత్తో రంగులద్దిన పాత ఫొటోలకి మాత్రం ఇది చేయకూడదు. అక్కడ రంగు మరక కాదు, పనితనం.

కలర్ ప్రింట్ల జబ్బు వేరు. 1970లు, 80ల నాటివి ఎర్రగా, ఇటుక రంగులోకి తిరిగి ఉంటాయి. ఆల్బంలో చీకట్లో ఉన్నా సియాన్ రంగు ముందు చచ్చిపోతుంది, మిగిలిన ఎరుపు పైకి తేలుతుంది. లెవెల్స్ తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కో ఛానెల్‌లో హిస్టోగ్రామ్ (గుట్టలా కనిపించే గ్రాఫు) మొదలయ్యే చోటికి నలుపు ముల్లు, ముగిసే చోటికి తెలుపు ముల్లు జరపండి. రంగు సగం వెనక్కొస్తుంది. మిగతాది మధ్య ముల్లుతో, తెల్లపంచె తెల్లగా కనిపించేదాకా.

గీతలు, మడత

ఇది చేత్తో చేయాల్సిన భాగం, ఏఐకి ముందే చేయాలి. ఎందుకంటే కంటి మీదుగా పోయే మడతని ఏఐ కనురెప్ప అనుకుంటుంది. చెంప మీది గీతని ముడత అనో వెంట్రుక అనో నమ్మి, దాన్ని ఇంకా శ్రద్ధగా గీసిపెడుతుంది.

కొత్త ఖాళీ లేయర్ తీసుకుని, శాంపుల్ మెర్జ్‌డ్ అనే గడి టిక్ చేయండి, ఫొటోషాప్‌లో అయితే శాంపుల్ ఆల్ లేయర్స్. అప్పుడు చేసిన మరమ్మతంతా ఈ లేయర్‌లోనే ఉంటుంది, తప్పయితే చెరిపేయొచ్చు. జూమ్ 100 శాతం. 300లో పెట్టి కూర్చుంటే కాగితం రేణువుల్ని కూడా దుమ్ము అనుకుని ఏరుతూ రాత్రి అవుతుంది.

బ్రష్షు మచ్చ కంటే కొంచెమే పెద్దది. గింప్‌లో హీల్ టూల్ పట్టుకుని, కంట్రోల్ నొక్కి పక్కన శుభ్రమైన చోట క్లిక్ చేసి, తర్వాత మచ్చ మీద క్లిక్. ఫొటోషాప్ హీలింగ్ బ్రష్షులో కంట్రోల్ బదులు ఆల్ట్. ఆకాశం, గోడ, చెంప లాంటి చోట్ల హీల్ చక్కగా కలిసిపోతుంది. చీర అంచు దగ్గర, జుట్టుకీ నుదుటికీ మధ్య దాన్ని వాడితే పక్కనున్న నలుపుని లోపలికి లాక్కొచ్చి అలికినట్టు చేస్తుంది. అలాంటి గీటు మీద క్లోన్ టూల్ (ఉన్నదున్నట్టు నకలు తెచ్చేది) వాడాలి, మూలం కూడా అదే గీటు మీద నుంచే తీసుకోవాలి. జరీ అంచుకి జరీ అంచే.

ముఖంలోకి వచ్చేసరికి ఆగండి. ఏది దుమ్ము, ఏది పుట్టుమచ్చ? బొమ్మలో ఉన్నదేదైనా లెన్సులోంచి వచ్చింది కాబట్టి దాని అంచు కాస్త మెత్తగా, చుట్టుపక్కల ఎంత మసకగా ఉందో అంతే మసకగా ఉంటుంది. దుమ్ము, గీత, పొర లేచిన చోటు అంతకంటే పదునుగా, కత్తిరించినట్టు ఉంటాయి. ముక్కుపుడక తెల్ల చుక్కగానే కనిపిస్తుంది, కానీ దాని మెరుపు ముక్కుపుటం వంపులోకి కరుగుతుంది. ఇంకా అనుమానముంటే ఇందాకటి రెండో స్కాన్ తీయండి. స్కానర్ గాజు మీది దుమ్మయితే రెండో దాంట్లో ఆ చోట ఉండదు. ముఖం మీద ఉండాల్సిన ప్రతి చుక్కనీ కాగితం మీద రాసుకోండి: బొట్టు, ముక్కుపుడక, ఎడమ గడ్డం మీద పుట్టుమచ్చ, కనుబొమ్మ దగ్గర గాటు. ఈ జాబితా చివర్లో మళ్లీ కావాలి. ఫొటో మొత్తానికి డస్ట్ అండ్ స్క్రాచెస్ ఫిల్టర్ కొట్టారంటే జాబితాలో సగం ఒక్క దెబ్బతో పోతాయి.

పొడుగాటి మడతకి ఐఓపెయింట్ అనే సాఫ్ట్‌వేర్ మంచి సాయం. ఉచితం, మీ కంప్యూటర్లోనే నడుస్తుంది, ఇదివరకు లామా క్లీనర్ అనేవారు. లామా మోడల్ ఎంచుకుని మడత మీద బ్రష్షుతో గీస్తే చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి పూడుస్తుంది. గీసేటప్పుడు మడతకి రెండు వైపులా మూణ్నాలుగు పిక్సెళ్లు ఎక్కువే గీయండి. తెల్లటి అంచు సన్నగా మిగిలినా సరే, అది కూడా బొమ్మలో భాగమే అనుకుని లోపలికి పొడిగిస్తుంది. ఒకేసారి మొత్తం గీయకుండా ముక్కలు ముక్కలుగా, గోడ మీద ఒక ముక్క, కుర్చీ మీద ఒక ముక్క, అలా చేయండి. ముఖం మీదుగా పోయే ముక్కని మాత్రం చేత్తోనే.

కన్ను ఒకటి పూర్తిగా చెరిగిపోతే రెండో కన్ను తీసి తిప్పి అతికించడం అందరూ చేసేదే. అలా చేస్తే కంటిలోని వెలుగు చుక్క కూడా తిరిగిపోయి, రెండు కళ్లకీ రెండు వైపుల నుంచి లైటు పడ్డట్టు, మనిషికి మెల్లకన్ను ఉన్నట్టు అవుతుంది. అతికించాక ఆ చుక్కని చెరిపి, మంచి కంట్లో ఏ పక్కనుందో ఆ పక్కకే మళ్లీ పెట్టండి.

ఇప్పుడు ముఖానికి ఏఐ

ఉచితంగా దొరికేవాటిలో జీఎఫ్‌పీగాన్ 2021లో, కోడ్‌ఫార్మర్ 2022లో వచ్చాయి. యాప్ పేరు ఏదైనా చాలాచోట్ల లోపల పనిచేసేవి ఇవో, ఇలాంటివో. రెండూ ముఖాన్ని కత్తిరించి, 512×512 చదరంలోకి సర్ది, కొత్తగా గీసి, తిరిగి అతికిస్తాయి. వీటికి ముఖమంటే ఏమిటో నేర్పింది ఫ్లికర్‌ నుంచి పోగేసిన 70,000 ఫొటోలు. మసకగా ఉన్నచోట ఆ ఫొటోల్లో ఎక్కువమందికి ఎలా ఉందో అలా గీస్తాయి. ఒంటిరాయి ముక్కుపుడక, బేసరి, నామం వాటికి అంత పరిచయం లేదు.

512 అన్న అంకె గుర్తుంచుకుంటే చాలా తప్పులు తప్పుతాయి. మన ఉదాహరణలో ఆవిడ తల 15 మిల్లీమీటర్లుంటే 600 డీపీఐలో సుమారు 350 పిక్సెళ్లు, ఆ చదరంలో సరిపోతుంది. అదే పెద్ద పోర్ట్రెయిట్‌లో ముఖమే 1200 పిక్సెళ్లుంటే, ఏఐ దాన్ని 512లోకి కుదించి మళ్లీ పెద్దది చేస్తుంది. అంటే ఉన్న వివరం పోతుంది. అలాంటి ఫొటోకి ముఖం ఏఐ అక్కర్లేదు. పెళ్లి గుంపు ఫొటోలో వెనక వరుసలో ముఖం 3 మిల్లీమీటర్లుంటే 70 పిక్సెళ్లే. అందులోంచి వచ్చే ముఖం ఎవరిదో ఒకరిది అయ్యుంటుంది, మీ పెదనాన్నది మాత్రం కాదు. వదిలేయండి.

కోడ్‌ఫార్మర్‌లో ఫిడెలిటీ అని 0 నుంచి 1 దాకా ఒక మీట ఉంటుంది. 0 వైపు జరిపితే ముఖం అందంగా ఉంటుంది, వేరే మనిషిది అవుతుంది. 1 వైపు అసలుకి దగ్గరగా. 0.7, 0.9 రెండింటితో రెండు ఫైళ్లు తీసి పోల్చండి. ఫొటోషాప్ వాడేవాళ్లు న్యూరల్ ఫిల్టర్స్‌లో ఫొటో రెస్టొరేషన్ తెరిచి, ఎన్‌హాన్స్ ఫేస్ మీటని తక్కువలో మొదలుపెట్టి, ఫలితం కొత్త లేయర్‌లోకి వచ్చేలా పెట్టుకోండి. స్క్రాచ్ రిడక్షన్ సున్నాలోనే ఉండనివ్వండి. గీతలు మనం ముందే తీసేశాం, ఇప్పుడది చీర గళ్ల మీద పడుతుంది.

వచ్చిన ఫైలుని అసలు ఫొటో మీద లేయర్‌గా పెట్టి, నల్లటి మాస్క్ వేసి మొత్తం దాచేయండి. తర్వాత మెత్తని తెల్ల బ్రష్షుతో కళ్లు, పెదవులు, ముక్కు గీటు దగ్గర మాత్రం బయటికి తీయండి. లేయర్ ఒపాసిటీ 30 నుంచి 60 శాతం. చెవి, జుట్టు మొదలు, మెడ జోలికి వెళ్లొద్దు. చెవి కమ్మలని ఈ మోడళ్లు ముద్దగా చేస్తాయి. ఇందాకటి జాబితా తీసి, లేయర్ కంటి గుర్తు నొక్కుతూ ఆపుతూ ఒక్కో చుక్కా సరిచూడండి. పోయినచోట మాస్క్‌లో నలుపు పూస్తే అసలుది వెనక్కొస్తుంది. ఫొటోలో ఉన్నవాళ్లని ఎరిగినవాళ్లు ఇంట్లో ఉంటే ఈ దశలో చూపించండి, "ముందుది, తర్వాతది" అని చెప్పకుండా రెండూ పక్కపక్కన పెట్టి.

ఇక ముఖం నున్నగా, మెడ గరుకుగా ఉండి అతికించినట్టు కనిపిస్తుంది. దానికి నాయిస్ ఫిల్టర్‌తో రంగు లేని రేణువులు 2 నుంచి 4 శాతం ముఖం లేయర్‌కి కలిపి, వాటిని అర పిక్సెల్ బ్లర్ చేయండి. అసలు ఫొటో గరుకుతో కలిసేదాకా అంకె మార్చుకోండి.

చెదలు తిన్న మూల

చాట్‌జీపీటీ, జెమినై లాంటివాటికి ఫొటో ఇచ్చి "బాగుచెయ్యి" అంటే బాగుచేయవు, చూసి మళ్లీ బొమ్మ వేస్తాయి. పిక్సెల్ ఒక్కటీ పాతది మిగలకపోవచ్చు. ముఖాలకి అందుకే వద్దు. కానీ పోయిన మూల, చిరిగిన తెర, కుర్చీ కాలు వేయడంలో దిట్టలు. ఇలా అడగండి: "కింద కుడి మూలలో చిరిగిన భాగం మాత్రమే పూడ్చు, కుర్చీ కాలు, నేల మీది తివాచీ అదే వరసలో కొనసాగించు, మనుషుల్ని మార్చకు." మార్చకు అన్నా మారుస్తాయి. వచ్చిన బొమ్మ సైజు కూడా వేరుగా ఉంటుంది. దాన్ని లేయర్‌గా తెచ్చి, బ్లెండ్ మోడ్ (పై లేయర్ కిందదానితో కలిసే తీరు) డిఫరెన్స్‌లో పెట్టి, రెండూ కుదిరిన చోట నల్లబడేదాకా సైజు, చోటు సర్దండి. తర్వాత మోడ్ నార్మల్‌కి మార్చి, మాస్క్‌తో ఆ మూల ఒక్కటే ఉంచండి. ఇంట్లోవాళ్ల ఫొటోలు బయటి సర్వర్‌కి పంపడం ఇష్టం లేకపోతే ఆ మూలని మాత్రం కత్తిరించి పంపండి, ముఖాలు వెళ్లవు.

రంగులద్దడం

నిజానికి దీన్ని మానేస్తేనే మేలు. అడిగేవాళ్లు మాత్రం చాలామంది. డీఓల్డిఫై, డీడీకలర్ లాంటివి ఒంటి రంగు, చెట్లు, ఆకాశం ఊహించగలవు. చీర రంగు ఊహించలేవు, ఎందుకంటే ఎర్రచీర, ఆకుపచ్చ చీర రెండూ ఒకే బూడిదరంగులో పడొచ్చు. బాగా పాత ఫొటోల్లో ఇంకో తిరకాసు ఉంది. ఆర్థోక్రొమాటిక్ అనే పాతరకం ఫిల్ముకి, గాజు ప్లేట్లకి ఎరుపు కనపడదు, కుంకుమబొట్టు నల్లగా, ఒంటి రంగు అసలు కంటే చామనగా పడుతుంది. ఏఐ ఆ నలుపుని నలుపుగానే ఉంచుతుంది. ఏఐ ఇచ్చిన రంగుని బ్లెండ్ మోడ్ కలర్‌లో పెట్టండి, వెలుగునీడలు అసలు ఫొటోవే ఉంటాయి. చీర, రవిక మీద విడి లేయర్లు కలర్ మోడ్‌లోనే తీసి చేత్తో పూయండి, నల్లగా పడిన బొట్టుకి మాత్రం నార్మల్ మోడ్ వాడండి, కలర్ మోడ్‌లో నలుపు నలుపుగానే ఉండిపోతుంది. చీర రంగు తెలిసినవాళ్లు ఇంట్లో లేకపోతే నలుపు తెలుపులోనే ఉంచేయండి.

పెద్దది చేయడం, దాచడం

చాలాసార్లు పెద్దది చేయనక్కర్లేదు. 2400×3600 ఫైలు 300 డీపీఐలో 8×12 అంగుళాలకి సరిగ్గా సరిపోతుంది. 12×18 కావాలంటే 3600×5400 చాలు, అంటే ఒకటిన్నర రెట్లు. అప్‌స్కేల్ (Upscayl) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2 రెట్లు చేసి తగ్గించుకోండి. 4 రెట్లు చేస్తే అందులో ఉండే రియల్ ఈఎస్ఆర్‌గాన్ ఏఐ మోడళ్లు నేత పంచెని ప్లాస్టిక్ కాగితంలా చేస్తాయి. పెట్టె కెమెరా ఫొటోల అంచులు మొదటి నుంచీ మసకే, వాటిని పదును పెట్టమని అడగొద్దు.

పెద్దకర్మకి ఫొటో కావాలని గుంపు ఫొటోలోంచి ఒక్క ముఖం కత్తిరించి 12×18 చేయమంటారు. ముఖం 350 పిక్సెళ్లే ఉంటే దాన్ని ఫ్రేము నిండా పరచకండి. భుజాలు, ఛాతీ దాకా ఉంచి, చుట్టూ ఖాళీ వదిలి, ముఖం నాలుగు అంగుళాలకి మించకుండా చూడండి. వారం కిందటి ఫొటోలా కనపడకపోయినా మనిషి మనిషిలా ఉంటారు.

మూడు ఫైళ్లు దాచుకోండి: ముట్టుకోని స్కాన్ టిఫ్, లేయర్లతో ఉన్న ఎక్స్‌సీఎఫ్ (గింప్ ఫైలు) లేదా పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు), బంధువులకి పంపడానికి 95 క్వాలిటీ జేపెగ్. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు కుదించేస్తుంది. మీకు ఎవరైనా బాగుచేయమని పంపినా అదే చెప్పి, ఫ్రేము గోడ మీద ఉండగా ట్యూబులైటు మెరుపుతో తీసింది కాకుండా మళ్లీ తీసి పంపమనండి.